గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే

పేస్‌మేకర్ ఉన్న మనిషి చెకింగ్‌కు వస్తే, బ్యాటరీ ఎంత మిగిలిందని చూడకముందే దాన్ని చదివే ప్రోగ్రామర్ పరికరం తెర మీద నా కళ్లు ఒక అంకెను వెతుకుతాయి. గుండె కింది గదిని మిషన్ నూటికి ఎన్నిసార్లు కొట్టించింది? పూర్తి హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లలో అది 100 దగ్గర ఉండాల్సిందే, వాళ్ల ప్రాణం దాని మీదే ఉంది. పై గదిలో సంకేతం పుట్టించే సైనస్ నోడ్ మందగించి, కిందికి దారి మాత్రం తెరిచే ఉన్నవాళ్లలో కూడా 99 కనిపిస్తే నా మనసు ఊరుకోదు.

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఓ అవ్వలో కనిపించింది అదే. ఆరోగ్యశ్రీలో మిషన్ పెట్టారు, కళ్లు తిరిగి పడిపోవడం ఆగింది. ఆ తర్వాత చెకింగ్ ఊసే లేదు. "మిషన్ మంచిగనే నడుస్తున్నది గద సారూ, మళ్ల ఎందుకని రాలే" అన్నాడు కొడుకు. కొన్నాళ్లుగా ఆమెకు ఆయాసం, పాదాల వాపు. ఇంట్లో ఎవరూ దాన్ని గుండెకు ముడిపెట్టలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగి, మోకాళ్లు బిగిసిన తరం ఆ పల్లెల్లో ఇంకా ఉంది. నాలుగడుగులు వేయలేకపోతే తప్పు కీళ్లదే అనుకుంటారు. అసలు నడకే తగ్గిన మనిషిలో గుండె నీరసం త్వరగా బయటపడదు.

ఆమె గుండెలో పై గది నుంచి కింది గదికి సంకేతం చేరడానికి 230 మిల్లీసెకన్లు పడుతోంది. మామూలుగా 120 నుంచి 200 మధ్య పడుతుంది. మిషన్ 170 దాకానే ఆగి కొట్టేస్తోంది. గుండె సొంత సంకేతం దారిలో ఉండగానే, రోజుకు దాదాపు లక్షసార్లు. మిషన్ తీగ కొన ఉన్నది కుడి కింది గది అడుగున. సొంత దారిలో వచ్చే సంకేతం కుడి, ఎడమ కింది గదులు రెండింటినీ దాదాపు ఒకేసారి కదిలిస్తుంది. తీగ నుంచి బయల్దేరింది కండరంలోంచి నెమ్మదిగా పాకుతూ ఎడమ గదికి ఆలస్యంగా చేరుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి ముందు, ఒకటి వెనక అడుగేస్తే అరక సాగేదెట్లా? ఏళ్ల తరబడి అలా సాగితే కొందరిలో గుండె బలమే తగ్గిపోతుంది.

1958లో స్టాక్‌హోమ్‌లో మనిషి ఒంట్లో పెట్టిన మొదటి పేస్‌మేకర్‌కు గుండె మాట వినే శక్తి లేదు, ఒకే వేగంతో కొట్టేది. ఇప్పటివి వింటాయి, ఆగుతాయి. ఎంతసేపు ఆగాలో చెప్పాల్సింది మనం. చెప్పకపోతే ఏమవుతుందో 2002లో డేవిడ్ అనే పరీక్ష చూపించింది. గుండె బలం తగ్గి, షాక్ ఇచ్చే మిషన్ పెట్టించుకున్న 506 మంది మీద జరిగింది అది. పై, కింది గదులు రెండింటినీ నిమిషానికి 70 చొప్పున నడిపించిన గుంపులో చావుగానీ గుండె వైఫల్యంతో ఆస్పత్రిపాలవడం గానీ లేకుండా ఏడాది దాటినవాళ్లు 73.3 శాతం. వేగం 40కి పడితేనే కొట్టమన్న గుంపులో 83.9 శాతం. సైనస్ నోడ్ జబ్బున్న 1065 మంది మీద జరిగిన సేవ్ పేస్ అనే పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. కింది గది పేసింగ్ 99 నుంచి 9.1 శాతానికి దిగితే, పై గది లయ తప్పి కొట్టుకునే, వదలని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ 12.7 నుంచి 7.9 శాతానికి తగ్గింది. ఈ రెండో ఫలితం నేరుగా మా అవ్వలాంటివాళ్ల గురించే.

చేయాల్సింది కొన్ని నిమిషాల పని, కత్తి అక్కర్లేదు. ఆగే సమయం పెంచడం, గుండె సొంత సంకేతం కోసం మిషనే వెతికే ఏర్పాటును ఆన్ చేయడం. అలాగని ఎంతైనా ఆగనివ్వకూడదు. 300 దాటి సాగదీస్తే పై గది మూసుకున్న కవాటాల మీద నొక్కే పరిస్థితి వస్తుంది. ఆ హద్దు మనిషి మనిషికీ చూసి పెట్టాలి, అందుకే ఈ పనిని కంపెనీ సెట్టింగ్‌కు వదిలేయడం నాకు నచ్చదు. పేసింగ్ తప్పనిసరై గుండె బలం తగ్గుతున్నవాళ్లకు, ఇప్పుడు గుండె సొంత వైరింగ్ దగ్గరే తీగ పెట్టే పద్ధతి ఉంది.

అయితే ఒక కంపెనీ ప్రోగ్రామర్ ఇంకో కంపెనీ మిషన్‌ను చదవలేదు. అందుకే మర్రిగూడ మనిషి మాల్ మీదుగా సాగర్ రోడ్డెక్కి హైదరాబాద్ దాకా రావాల్సి వస్తోంది. కూలీ పోగొట్టుకుని కొడుకు వెంట రావాలి. 2019 నుంచి నల్గొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. నెలకొక రోజు అన్ని కంపెనీల ప్రోగ్రామర్లనూ అక్కడికి రప్పించి, ఆరోగ్యశ్రీలో పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లను ఆశా కార్యకర్తల ద్వారా పిలిపించవచ్చు. వచ్చేవాళ్లు మిషన్ కార్డు, పాత ఈసీజీ వెంట తెచ్చుకుంటే చాలు.