నిలకడ తప్పిన ఇంజను

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు దారిలో మన్ననూరు చెక్‌పోస్టు పాత మోటారుబండ్లకు గొప్ప పరీక్షాస్థానము. అమ్రాబాద్ పులుల అభయారణ్యమునకు అది ముఖద్వారము. రాత్రి 9 గంటలకు మూసిన గేటును ఉదయము 6 గంటలకుగాని తీయరు కావున, తెల్లవారుజామున అక్కడ బండ్లు బారులు తీరి నిలుచుట పరిపాటి. అంతవరకు సింహమువలె గర్జించుచు వచ్చిన పాత స్పోర్ట్స్ కారు ఆ బారులో చేరినదో లేదో వణకనారంభించును; దగ్గును, ఊగును, తుదకు ఆగిపోవును. యజమాని మునివేళ్లతో బ్రేకును, మడమతో యాక్సిలరేటరును తొక్కిపట్టి పరువు నిలుపుకొనుచుండును. ఆ మరునాడు షెడ్డుకు పోయి అతడు చెప్పుమాట ఒక్కటే: "అన్నా, బండి స్లోల నిలుస్తలేదు, జర స్క్రూ తిప్పు."

ఆ స్క్రూ తిప్పుటయే సకలానర్థములకు మూలమని నా అభిప్రాయము. పరుగులో కనపడని దోషము నిలకడలో బయటపడుటకు శాస్త్రీయమైన హేతువు కలదు. థ్రాటిల్ మూసియున్నప్పుడు ఇంజను పీల్చు గాలి అత్యల్పము. చిట్లిన గాస్కెట్టు సందునుండియో, అరిగిన థ్రాటిల్ కడ్డీ పక్కనుండియో చొరబడు దొంగగాలి అందులో పెద్ద పాలగును. వేగముగా పోవునప్పుడు అదే దొంగగాలి సముద్రములో కాకిరెట్ట. స్క్రూ తిప్పి నిలకడవేగమును పెంచినచో రోగము మాయదు, మరుగుపడును.

మన దేశమున ఈ రోగమును కనిపెట్టు విద్యకు చక్కని ఆధారము స్టాండర్డ్ హెరాల్డ్ కారు. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీవారు 1961లో దీని తయారీని ఆరంభించిరి. దీని మాతృక యగు ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్ చట్రమునే కురుచచేసి, 1962లో ట్రయంఫ్ కంపెనీ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారును వెలువరించినది. 1147 సీసీల ఆ ఇంజనుకు రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. హెరాల్డ్ పై చేయి తిరిగిన మిస్త్రీకి స్పిట్‌ఫైర్ పరాయిది కాదు. ఆ రెండవ కార్బొరేటరు మాత్రము కొత్త చిక్కు.

పాతతరపు మెకానిక్కులు పాటించిన వరుసక్రమము చూచినచో వారి విద్య ఊహాపోహ కాదనియు, క్రమబద్ధమైన తర్కమనియు బోధపడును. కార్బొరేటరును వారు చిట్టచివర ముట్టుదురు. మొదట చల్లని ఇంజనుపై టాపెట్ల సందు, 10 థౌలు (థౌ అనగా అంగుళములో వేయవ వంతు). పిమ్మట డిస్ట్రిబ్యూటరు పాయింట్లు, 15 థౌలు. ఇచ్చట ఒక మోసము కలదు: వాడిన పాయింట్లలో ఒకదానిపై చిన్న బొడిపె లేచి, ఎదుటిదానిలో గుంత పడును, ఫీలర్ గేజి ఆ బొడిపెకు తగిలి సందు సరిగా ఉన్నదని అబద్ధము చెప్పును, నిజమైన సందు అంతకు మించి యుండును. కావున ముందు ఆకురాయితో నునుపు చేయవలెను, లేదా కొత్తవి వేయవలెను. ప్లగ్గులు, టైమింగు చూచుకొనుట ఆ తరువాతి మాట.

ఇక ఇంజను నడుచుచుండగా, ఇన్సులేషనుగల పట్టకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా ఊడదీయుదురు. ఏ తీగ తీసినప్పుడు మోత మారదో ఆ సిలిండరు పని చేయుటలేదన్నమాట. ఒక్కటే చచ్చినచో ప్లగ్గునో వాల్వునో అనుమానింపవలెను. వెనుకనున్న మూడు, నాలుగు రెండును నీరసించినచో వాటికి ప్రధానముగా ఇంధనమందించు వెనుక కార్బొరేటరే నేరస్థుడు, లేదా దాని అడుగు గాస్కెట్టు. ఆ అతుకుపై నాలుగు చుక్కల పలుచని నూనె వేసినంతనే మోత తెరిపిపడినచో గాలి అచ్చటనే లాగుచున్నది. పెట్రోలు చల్లి చూచువారును కలరు. కాగిన ఎగ్జాస్టుకు జానెడు దూరమున అది సాహసము కాదు, తెలివితక్కువ.

ఇన్ని దాటిన పిదప కార్బొరేటర్ల వంతు. రెంటిని కలుపు కడ్డీని వదులుచేసి, రబ్బరు గొట్టము ఒక కొన చెవిలోను, మరియొక కొన కార్బొరేటరు నోటివద్దను ఉంచి, రెండింటి బుసలు ఒక్కతీరున వినవచ్చువరకు థ్రాటిల్ స్క్రూలను సరిచేయుదురు. తదుపరి కార్బొరేటరు పక్కనున్న పిన్నుతో దానిలోని పిస్టనును సుమారు 0.8 మిల్లీమీటరు మాత్రమే పైకెత్తవలెను. వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ, కుంగిపోయినచో తక్కువ, క్షణకాలము పెరిగి యథాస్థితికి వచ్చినచో సరి. ఇంత సున్నితమైన పరీక్షను ఇంత సామాన్యమైన సాధనముతో సాధించిన ఆ ఏర్పాటునకు నేను నమస్కరింతును. నేడు దీనికొక కొత్త చిక్కు తోడైనది: 2023 నుండి బంకులకు వచ్చుచున్న 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు, తనలోని ఆక్సిజను వలన మిశ్రమమును పలుచన చేయుటే గాక, ఆ కాలపు రబ్బరు గొట్టములను ఉబ్బించి చెడగొట్టును. జెట్టు నట్టును ఒక పలక దింపుట, గొట్టములు మార్చుట తప్పదు.

అమ్రాబాద్ పీఠభూమి ఎక్కగానే ఇంజను తడబడినచో, ఎత్తుపై గాలి పలుచన గదా యని సరిపెట్టుకొనువారు కలరు. వేయి మీటర్లకు గాలి సాంద్రత సుమారు పదవ వంతు తగ్గుట నిజమే; కాని హైదరాబాదే సముద్రమట్టమునకు 500 మీటర్లకు మించిన ఎత్తున ఉన్నది. ఆ అదనపు మెట్ట ఇంజనును ఆర్పునంతటిది కాదు. అసలు శత్రువు వేడి. స్పిట్‌ఫైరులో కార్బొరేటర్లు ఎగ్జాస్టు ఉన్న పక్కనే, దానికి పైగా కూర్చుండును. ఏప్రిలు ఎండలో సెకండు గేరున మలుపులెక్కి ఆగినప్పుడు ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు మరిగి ఆవిరియగును. కార్బొరేటర్లకును ఎగ్జాస్టుకును నడుమ ఉండవలసిన రేకు ఎవరో ఎన్నడో విప్పి పారవేసియుందురు. ముందు దానిని వెదకి బిగింపవలెను. ఘాట్‌పై ఎచటనైన కొంతసేపు ఆగవలసివచ్చినచో ఇంజను ఆపి బానెట్టు ఎత్తియుంచుట మేలు. హెరాల్డుకును స్పిట్‌ఫైరుకును బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు వాలి, ఇంజనంతయు బయటపడును. ముందు చక్రముపై కూర్చుండియే పని చేసికొనవచ్చును. ఆ దారిలోని ఫరహాబాదు చేరువలో మాత్రము కోతులను ఒక కంట కనిపెట్టవలెను. అవి ప్లగ్గు తీగలు లాగుటకు పట్టకారు అడుగవు.