అణకువ: అణిగేదా, అణిచేదా?

పావగడ తాలూకాలో చాలామందికి బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మూడు పక్కలా ఆంధ్రే కదా. పిల్లోళ్లు బడిలో 'వినయ', 'నమ్రతె' నేర్చుకుంటారు, ఇంట్లో అవ్వ నోట 'అణకువ' వింటారు. అన్నీ ఒకటేలే అని అర్థం చెప్పేసి వదిలేస్తాం. నాకు నచ్చనిది అదే.

అణువంత చిన్నగా ఉండడమే అణకువ అంటే వినేదానికి బాగానే ఉంటుంది. కానీ నిలవదు. పాత నిఘంటువుల్లో 'అడకువ' అనే రూపం కూడా ఉండాది. 'అడగు', 'అణగు' ఒకే క్రియకు రెండు రూపాలు. కన్నడంలో 'అడగు' అంటే దాక్కోవడం. తమిళంలో అది 'అడంగు', దాన్నుంచి 'అడక్కం'. తిరుక్కురళ్‌లో 13వ అధికారం పేరే 'అడక్కముడైమై', తన్ను తాను అదుపులో పెట్టుకునే గుణం. అంటే ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట కాదు, మన ఇంటి మాటే.

చిక్కంతా వాడుకలో ఉంది. 'అణగు' తనంతట తాను జరిగే పని. వాన పడితే దుమ్ము అణుగుతుంది (మన ఎండల్లో దాని సుఖం చెప్పాల్నా!). 'అణచు' ఒకరు ఇంకొకరిని చేసేది. అణకువ పుట్టింది మొదటి దాన్నుంచి. "ఆ పిల్లోడిది అణకువైన గుణం" అని అవ్వ అన్నప్పుడు వాణ్ని ఎవరూ అణచలేదు. అదే అత్తారింటికి పోయే పాపతో "అణిగిమణిగి ఉండుమ్మా" అంటే? పెండ్లి ప్రకటనల్లో 'అణకువ గల వధువు' కావాలంటారు, 'అణకువ గల వరుడు' అని యాడన్నా చూసినారా? పెద్ద ఆఫీసరు మెత్తగా మాట్లాడితే 'నిగర్వి' అంటాం, ఆయన కింద పనిచేసేవానికైతే అణకువ ఉండాలంటాం. 'అణగారిన వర్గాలు' అనే మాటా ఈ వేరు నుంచే వచ్చింది. అర్థం రాసేటోళ్లు ఒట్టి 'వినయం' అని రాసేస్తే ఇదంతా కనపడకుండా పోతుంది.

ఇంకొకటి. 'అణిగిమణిగి'లో 'మణిగి' ఊరికే జోడించిన మాట అనుకుంటారు చాలామంది. కన్నడం తెలిసిన మన చెవికి అట్ల వినపడదు. అక్కడ 'మణి' అంటే వంగడం, తలవంచడం. రెండు మాటలకీ బరువుంది. కన్నడంలోనే 'అణక' అంటే మాత్రం ఎగతాళి, దాన్ని దీనితో కలపొద్దు.