స్థిరత్వమే కచ్చితత్వమా? మిల్లింగ్ కంపన పరిశోధనపై ఒక విమర్శ

లోహాన్ని కోసేటప్పుడు పుట్టే చాటర్ అనే కంపనం యంత్రకారునికి ఎదురయ్యే అతి జటిలమైన సమస్యల్లో ఒకటని ఎఫ్. డబ్ల్యు. టేలర్ 1907లోనే గుర్తించాడు. 1950వ దశకంలో టోబియాస్, ట్లస్టీ మొదలైన పరిశోధకులు దాని మూలాన్ని వివరించారు. మిల్లింగ్‌లో కట్టర్ పన్ను ఒకటి ఉపరితలంపై అలల గుర్తును విడిచిపోతుంది. తరువాతి పన్ను ఆ అలనే కోస్తుంది. రెండు అలల మధ్య దశాభేదం వల్ల చిప్ మందం మారుతుంది, దానితో బలం మారుతుంది, కంపనం తనను తాను పెంచుకుంటుంది. 1995లో అల్టింటాస్, బుడాక్ ప్రతిపాదించిన విశ్లేషణ పద్ధతితో, స్పిండిల్ వేగాన్ని బట్టి ఎంత లోతు కోయవచ్చో చూపే స్థిరత్వ పటాన్ని గీయడం సులభమైంది.

ఈ కృషి విలువ కాదనలేనిది. అయితే ఆ పటంలోని శిఖరాన్నే ఉత్తమ వేగంగా ప్రకటించి పరిశోధనను ముగించే ధోరణిని ప్రశ్నించవలసి ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సహజ పౌనఃపున్యం 800 హెర్ట్జ్, కట్టర్ పళ్లు 4 అనుకుంటే, నిమిషానికి 12,000 భ్రమణాల చేరువలో స్థిరత్వ శిఖరం వస్తుంది. కాని పళ్లు తాకే పౌనఃపున్యం సహజ పౌనఃపున్యంతో సమానమయ్యేది కూడా అక్కడే. చాటర్ అణగినా, బలాత్కృత కంపనం అనునాదానికి చేరుతుంది. అక్కడ దశ వేగంగా మారుతుంది కనుక, వేగంలో స్వల్ప భేదం వచ్చినా కోత ఎక్కువ కావడమో తక్కువ కావడమో జరుగుతుంది.

మరో లోపం కొలతకు సంబంధించినది. గరుకుదనపు విలువను నమోదు చేసి, దానినే ఉపరితల కచ్చితత్వంగా చూపడం సరికాదు. ఉపరితలం నునుపుగా ఉండి కూడా ఉండవలసిన స్థానం నుంచి జరిగి ఉండవచ్చు. గరుకుదనాన్ని కొలిచే పరికరం ఆ దోషాన్ని పట్టదు. భాగం మాత్రం తనిఖీలో తిరస్కృతమవుతుంది.

పైగా సహజ పౌనఃపున్యం స్థిరాంకం కాదు. స్పిండిల్ వేగం, వేడి, కట్టర్ బయటికి పొడుచుకొని ఉండే పొడవు దానిని మారుస్తాయి. పలుచని గోడలున్న భాగంలోనైతే లోహం తొలగుతున్న కొద్దీ అది మారుతూనే ఉంటుంది.

కాబట్టి ముతక కోతకు శిఖరాన్ని ఎంచుకోవడం సమంజసమే. తుది కోతలో లోతు తక్కువ కనుక, శిఖరానికి దూరంగా ఉన్న అనేక వేగాల వద్ద కూడా స్థిరత్వం లభించవచ్చు. అక్కడ వేగాన్ని నిర్ణయించవలసింది స్థాన దోషం. స్థిరత్వ పటంపైనే స్థాన దోషాన్ని కూడా గీసి, అనిశ్చితిని పేర్కొని, తయారైన భాగాన్ని కొలిచి చూపినప్పుడే "ఉత్తమ వేగం" అనే మాటకు ప్రామాణికత చేకూరుతుంది.