ఎన్ని గంపలు? ఎన్ని చేపలు?

మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయంలో యేసు తన శిష్యుల చేత లెక్క చెప్పిస్తాడు. అందరూ పడవలో పోతున్నారు. రొట్టెలు తెచ్చుకోవడం మరిచిపోయారు, దగ్గరున్నది ఒక్కటే రొట్టె. ఆ దిగులులో ఉన్నవాళ్లను ఆయన అడుగుతాడు: అయిదు రొట్టెలు అయిదు వేలమందికి పంచిన రోజున మిగిలిన ముక్కలు ఎన్ని గంపలకెత్తారు? పన్నెండు అంటారు. మరి ఏడు రొట్టెలు నాలుగు వేలమందికి పంచిన రోజున? ఏడు అంటారు. ఇంకా గ్రహించలేదా అన్న ప్రశ్నతో ఆ సంభాషణ ముగిసిపోతుంది. జవాబు సువార్తలో లేదు. చదివేవాళ్లే వెతుక్కోవాలి.

క్రైస్తవులు బైబిల్లోని సంఖ్యలకు అర్థం వెతకడాన్ని కొందరు పనిలేని పని అంటారు. ఈ పడవ సంభాషణ చదివాక నాకు అలా అనిపించదు. లెక్క అడిగింది స్వయంగా బోధకుడే. మొదటి విందు గలిలయలో, యూదుల మధ్య జరిగింది. పన్నెండు గంపలు మిగిలాయి, ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండు. రెండో విందును మార్కు దెకపొలి ప్రాంతం ప్రస్తావన వెంటనే చెబుతాడు. అది అన్యజనుల నేల. అక్కడ మిగిలినవి ఏడు. సృష్టి వారం ఏడు రోజులు కాబట్టి ఏడు సంపూర్ణతకు గుర్తు. ఈ రెండు విందుల నడుమ ఒక సురోఫెనికయ స్త్రీ, బల్ల కింద పడే ముక్కలైనా చాలునని బతిమాలి తన బిడ్డను బాగుచేయించుకుంటుంది. ఆ ముక్కలే తర్వాతి అధ్యాయంలో ఏడు గంపలయ్యాయి. సంప్రదాయం ఈ గంపలను చదివే తీరు ఇదే. ఈ విద్యకు ప్రాణం ఇక్కడే ఉందని నా నమ్మకం: సంఖ్య తనంతట తాను ఏమీ చెప్పదు, అది నడిచొచ్చిన కథలే దానిచేత మాట్లాడిస్తాయి.

నలభై సంగతి చూడండి. జలప్రళయంలో వాన నలభై రోజులు. మోషే సీనాయి కొండ మీద నలభై రోజులు. ఏలీయా హోరేబుకు నడిచింది నలభై రోజులు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో తిరిగింది నలభై ఏళ్లు. యేసు ఉపవాసం నలభై రోజులు. నాలుగో శతాబ్దంలో పుట్టిన అగస్టీన్ వీటిలో ముగ్గురిని పక్కపక్కన నిలబెట్టాడు: మోషే ధర్మశాస్త్రం, ఏలీయా ప్రవక్తలు, యేసు సువార్త. రూపాంతర కొండ మీద కలిసి కనిపించింది కూడా ఈ ముగ్గురే. మన ఊళ్లలో తపస్సు కాలమనీ శ్రమ దినాలనీ పిలుచుకునే ఈస్టరు ముందటి రోజుల్ని క్యాలెండరు పెట్టుకుని లెక్కిస్తే, విభూది బుధవారం నుంచి 46 వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసెయ్యాలి. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం లేదు. ఉపవాసం ఉండే అమ్మమ్మలకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు; వాళ్ల ఒంటికే తెలుసు.

గుడ్ ఫ్రైడే నాడు ఏడు మాటల ధ్యానం తెలుగు సంఘాల్లో పెద్ద ఆరాధన. చాలాచోట్ల ఏడుగురు ప్రసంగీకులు మాటకొకరు చొప్పున లేస్తారు. అయితే ఏ ఒక్క సువార్తలోనూ సిలువ మీది మాటలు ఏడు లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు. మత్తయి, మార్కు ఇద్దరూ రాసింది ఒకే ఒక్క మాట. అన్నీ కలిపి వరస పెట్టి ఏడు చేసింది సంఘం. నలుగురు సాక్షుల నోట విడివిడిగా వినిపించినదాన్ని ఒక్క మధ్యాహ్నంలో పట్టి ఉంచడానికి ఆ ఏడు పనికొచ్చింది.

ఇంతవరకు చూసింది కథల పద్ధతి. ఇక రెండో పద్ధతి అక్షరాలది. హీబ్రూ, గ్రీకు భాషల్లో అంకెలకు వేరే గుర్తులు వాడే అలవాటు తక్కువ, అక్షరాలే అంకెలు. మనకు అక్షరాలతో అంకెలు చెప్పే కటపయాది ఉంది కదా. మాయామాళవగౌళ అనే రాగం పేరులో మా అంటే అయిదు, యా అంటే ఒకటి, తిరగేస్తే పదిహేనో మేళకర్త. అక్కడ అంకెల్ని పక్కపక్కన పేర్చి చదువుతాం, హీబ్రూ, గ్రీకు వాళ్లు పేరులోని అక్షరాలన్నీ కూడతారు. పాంపేయి గోడ మీద ఒక ప్రేమికుడు తన ప్రియురాలి పేరు రాయకుండా ఆమె సంఖ్య 545 అని మాత్రం రాసి వదిలాడు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బద్దలై ఆ ఊరు బూడిదలో కూరుకుపోయింది, ఆమె ఎవరో ఇప్పటికీ తేలలేదు. అంటే ఇది పండితుల గుట్టేమీ కాదు, వీధిలో వాడుకే.

మత్తయి సువార్త మొదటి పేజీ ఇలాంటిదే. యేసు వంశావళిని పద్నాలుగేసి తరాల చొప్పున మూడు భాగాలు చేస్తాడు. హీబ్రూలో దావీదు పేరుకు మూడు అక్షరాలు: నాలుగు, ఆరు, నాలుగు. కూడితే పద్నాలుగు. ఈ పద్నాలుగు కుదరడానికి యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను అతను వదిలేశాడు. పాత నిబంధన ఎరిగిన పాఠకుడికి ఆ ఖాళీ వెంటనే కనబడుతుంది. దావీదు కుమారుడు వచ్చాడన్న ప్రకటనకు జాబితా మొత్తం తాళం వెయ్యాలన్నదే మత్తయి ఉద్దేశమని, ఈ పద్ధతి ఎరిగి చదివితే అర్థమవుతుంది.

అన్ని లెక్కలూ ఇంత గట్టివి కావు. బర్నబా పత్రిక అనే తొలినాటి రచన అబ్రాహాము సేవకులు 318 మందిని గ్రీకు అక్షరాల్లో పెట్టి, 300కు సిలువ ఆకారపు అక్షరం, 18కి యేసు పేరులోని మొదటి రెండక్షరాలు అని చెబుతుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆదికాండం రాసింది హీబ్రూలో. అక్కడ నాకు మనసొప్పదు.

మనసొప్పేది 153. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రంలో రాత్రంతా వల వేసినా శిష్యులకు ఏమీ పడలేదు. తెల్లవారాక ఒడ్డున నిలబడ్డ ఆయన మాట విని కుడిపక్క వేస్తే 153 పెద్ద చేపలు పడ్డాయి, వల చినగలేదు. యోహాను అంత కచ్చితంగా ఎందుకు రాశాడు? లోకంలో చేపల జాతులు 153 అని బైబిలు పండితుడు జెరోమ్ చెప్పి, ఒప్పియన్ అనే కవిని సాక్షిగా పిలిచాడు. ఒప్పియన్ కావ్యంలో మాత్రం ఆ లెక్క నేరుగా ఎక్కడా లేదు.

ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణంలో బిషప్పుగా ఉన్న అగస్టీన్ మరో దారి పట్టాడు. ఆజ్ఞలు పది. ఆజ్ఞ ఏం చెయ్యాలో చెబుతుంది, చేసే బలం ఇవ్వదు. ఆ బలం ఇచ్చేది పరిశుద్ధాత్మ. ఆత్మ సంఖ్య ఏడు. పదికి ఏడు కలిస్తే పదిహేడు. ఇప్పుడు ఒకటి నుంచి పదిహేడు దాకా వరసగా కూడండి. ఒకటీ రెండూ మూడు, మరో మూడు కలిస్తే ఆరు, నాలుగుతో పది, అయిదుతో పదిహేను... పదిహేడో మెట్టు దగ్గర 153 వచ్చి నిలుస్తుంది. గులకరాళ్లు తీసుకుని పై వరసలో ఒకటి, కింద రెండు, ఆ కింద మూడు పేర్చుకుంటూ పోతే పదిహేడు వరసల నిండు త్రిభుజం తయారవుతుంది. చివరికి అడుగు వరసలో పదిహేడే ఉన్నా మొత్తం రాళ్లు 153.

అగస్టీన్ అక్కడితో ఆగలేదు. లూకా సువార్తలో, యేసు పరిచర్య మొదట్లో ఇలాంటి వేటే ఒకటుంది. అక్కడ కుడి ఎడమల మాట లేదు, చేపల లెక్క లేదు, వలలు పిగిలిపోతున్నాయి. మంచీ చెడూ కలిసి, చీలికలతో నడిచే నేటి సంఘం అది అన్నాడు. లెక్కపెట్టిన, చినగని రెండో వల అంత్యదినపు సంఘం. అందులో ఒక్కరూ జారిపోరు. ఆయన ఈ సంగతి ఈస్టరు వారంలో, కొత్తగా బాప్తిస్మం పొంది తెల్లబట్టల్లో నిలబడ్డవాళ్ల ముందు బోధించాడు. తానూ 387 ఈస్టరు రాత్రి మిలాన్‌లో బిషప్పు ఆంబ్రోస్ చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నవాడే. ఆ బాప్తిస్మపు తొట్టికి ఎనిమిది పక్కలు. ఏడు రోజుల వారం దాటి వచ్చిన కొత్త దినం పునరుత్థానం, అందుకని ఎనిమిది. మిలాన్ కథీడ్రల్ ముందరి చౌకు కింద దాని అవశేషాలు ఇప్పటికీ ఉన్నాయి.

తర్వాతి కాలంలో పోప్ మహా గ్రెగొరీ అదే పదిహేడును రెండుసార్లు మూడుతో హెచ్చించి 153 తెచ్చాడు. లెక్క తప్పు కాదు. కానీ అగస్టీన్ కూడిక చేపల్ని మళ్లీ వలలోకే తెస్తుంది, అందుకే నాకు అది ఎక్కువ ఇష్టం.

ఈ విద్యకు హద్దు గీసినవాడు లియోన్ బిషప్పు ఐరేనియస్, 180 ప్రాంతంలో. యేసుకు బాప్తిస్మమప్పుడు ముప్పై ఏళ్లు కాబట్టి పరలోకంలో ముప్పై దివ్యశక్తులున్నాయని వాదించే జ్ఞానవాదులు ఆయనకు ఎదురయ్యారు. ఆయన అయిదు అంకె తీసుకున్నాడు. రక్షకుడు, తండ్రి, ప్రేమ అనే గ్రీకు మాటలకు అయిదేసి అక్షరాలు. రొట్టెలు అయిదు, బుద్ధిగల కన్యకలు అయిదుగురు, మోషే గ్రంథాలు అయిదు, చేతికి వేళ్లు అయిదు. ఇలా పోతే ఏ అంకెతోనైనా ఏ సిద్ధాంతమైనా కట్టొచ్చని చూపించాడు. విశ్వాసం ముందుండాలి, సంఖ్య దానికి ఒదగాలి. సంఖ్యలోంచి విశ్వాసాన్ని పుట్టించకూడదు.

666 పేరుతో బార్‌కోడ్లు చూపించి జనాన్ని భయపెట్టేవాళ్లు ఈ ఐరేనియస్‌ను చదవాలి. ప్రకటన గ్రంథం అది ఒక మనిషి సంఖ్య అని, లెక్కించమని చెబుతుంది. నీరో చక్రవర్తి పేరును బిరుదుతో కలిపి హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. క్రీ.శ. 64లో రోము తగలబడ్డాక క్రైస్తవులను చిత్రహింసలు పెట్టి చంపించినవాడు నీరో. పేరు చివరి నకారం తీసేస్తే, అంటే లాటిన్ పద్ధతిలో పలికితే 616. ఈజిప్టులోని ఆక్సిరింకస్ దగ్గర దొరికి 1999లో అచ్చయిన ఒక పాపిరస్ ముక్కలో నిజంగానే 616 ఉంది. అలాంటి ప్రతులున్నాయని ఐరేనియస్‌కూ తెలుసు. అది నకలు రాసినవాళ్ల పొరపాటని, యోహానును కళ్లారా చూసినవాళ్లు 666 అనే చెప్పారని రాశాడు. ఆయన ఎవాంథస్, లాటీనోస్, టీటన్ అని 666కు సరిపోయే మూడు పేర్లు లెక్కకట్టి చూశాడు. అందులో ఏదీ ఖాయం చేయలేదు. ఇప్పుడే తెలియాల్సిన పేరైతే దర్శనం చూసిన యోహానే చెప్పి ఉండేవాడని, ఒకే మొత్తానికి ఇన్ని పేర్లు సరిపోతున్నప్పుడు పేరు తేల్చే సాహసం తనకు వద్దని ఆ పేర్లు చెప్పిన చోటే రాసి పెట్టాడు.