ముద్ర చెప్పని కాలం: పాత జపాను పింగాణి గిన్నెల పరిశీలన

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టా నడుము మీద నిర్ణీత దూరాలలో కొన్ని అక్షరాలు, అంకెలు ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంటాయి. తయారుచేసిన సంస్థ, పట్టా తరగతి, తయారైన నెల, సంవత్సరం వాటిలో చదువుకోవచ్చును. 1959 ఫిబ్రవరి 4న ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది. ఆ కర్మాగారాన్ని నమ్ముకొని తరలివచ్చిన ఉత్తరాంధ్ర కుటుంబాలలో ఆ ముద్రను చదవడం తెలిసినవారు ఎందరో ఉన్నారు. ముద్ర ఉన్నదంటే అది నిజమే చెబుతుందన్న నమ్మకం ఉక్కు నగరానికి సహజమైనది. అదే నమ్మకంతో ఒక పాత జపాను పింగాణి గిన్నెను బోర్లించి, అడుగున ఉన్న అక్షరాలను బట్టి కాలం నిర్ణయిస్తే మాత్రం పొరపడక తప్పదు.

జపాను గిన్నెల అడుగున తరచుగా కనిపించే ముద్రలలో ఒకటి చీనా దేశపు మింగ్ వంశానికి చెందిన చెంగ్‌హ్వా చక్రవర్తిది. ఆయన పాలించినది 1465 నుంచి 1487 వరకు. జపానులో పింగాణి పుట్టినది 17వ శతాబ్ది రెండవ దశకంలో. అంటే ఆ ముద్ర పేర్కొనే కాలానికి, జపానులో తొలి పింగాణి గిన్నె తయారైన నాటికి నడుమ 120 సంవత్సరాలకు పైబడిన అంతరం ఉన్నది. ఈ ఒక్క లెక్కతోనే ముద్ర విలువ ఎంతో తేలిపోతుంది.

అయితే దానిని మోసమని కొట్టివేయడం కూడా తొందరపాటే. మన తాళపత్ర ప్రతులను గుర్తుచేసుకుంటే విషయం బోధపడుతుంది. లేఖకుడు కావ్యాన్ని ఎత్తి వ్రాసేటప్పుడు మాతృకలోని ఆశ్వాసాంత గద్యను కూడా యథాతథంగా దించుతాడు. ఆ గద్య కవిని తెలుపుతుంది గాని, ఆ ప్రతి వ్రాసిన కాలాన్ని తెలుపదు. జపాను కుమ్మరికి చీనా పింగాణి ఒక మాతృక. దాని మీది ముద్ర ఆయనకు గౌరవసూచకం, అలంకారంలో ఒక భాగం. సౌభాగ్యానికి సంకేతమైన ‘ఫుకు’ అనే అక్షరాన్ని వ్రాయడం కూడా ఇటువంటిదే.

మరి కాలాన్ని దేనిని బట్టి నిర్ణయించాలి? తేదీ లేని శాసనాన్ని లిపి స్వరూపాన్ని బట్టి, భాషను బట్టి అంచనా కట్టినట్లే, తేదీ ఉన్నా నమ్మరాని కూట శాసనాన్ని వాటితోనే పట్టుకొన్నట్లే, గిన్నెను కూడా దాని శరీరాన్ని బట్టి చదవాలి. అందుకు కొంత చరిత్ర తెలిసి ఉండాలి.

క్యూషూ ద్వీపంలోని ఆరిటా జపాను పింగాణికి పుట్టినిల్లు. 1592–98 నడుమ కొరియా మీద జరిగిన దండయాత్రల తరువాత అక్కడి నుంచి తీసుకురాబడిన కుమ్మరులు ఈ విద్యకు మూలపురుషులు. సరకు ఇమారి రేవు గుండా బయటకు పోయేది గనుక ‘ఇమారి’ అన్న పేరు స్థిరపడినది. 1644లో మింగ్ వంశం కూలిన తరువాత చీనా సరకు రావడం కష్టమైనది. అప్పుడు నాగసాకి చెంత దెషిమాలో ఉన్న డచ్చి వర్తకులు ఆరిటా వైపు తిరిగి, 1659లో పెద్ద ఎత్తున సరకు కోరారు. ఆ ఓడలు ఐరోపాకు మాత్రమే పోలేదు. డచ్చి కంపెనీ ఆసియా రేవుల నడుమ సాగించిన వ్యాపారంలో జపాను పింగాణి కోరమాండల్ తీరానికి కూడా చేరినది. 17వ శతాబ్ది తొలి దశకం నుంచే డచ్చి వారి వర్తకశాల ఉన్న మచిలీపట్నం ఆ తీరంలోనిదే. కాబట్టి ఈ గిన్నెలు తెలుగువారికి పూర్తిగా పరాయివి కావు.

ఇక పరిశీలన. మొదట చూడవలసినది మట్టిని. ‘సత్సుమా’ పేరిట ప్రసిద్ధమైన దంతపు ఛాయ పాత్రలను కూడా పింగాణి కిందనే జమకట్టడం మనవారికి అలవాటు. అవి పింగాణి కావు, మేలురకపు మట్టి పాత్రలు. వాటి పూతలో సన్నని నెరియలు వలవలె పరచుకొని ఉంటాయి. పింగాణి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడుతుంది. పలుచని చోట వెలుతురును లోనికి రానిస్తుంది, గోటితో మీటితే ఖంగున మ్రోగుతుంది.

రెండవది పాదవలయం, అనగా గిన్నె అడుగున నిలబడే కట్టు. ఆరిటా కుమ్మరులు వెడల్పయిన పాత్రలు ఆవములో కుంగిపోకుండా అడుగున చిన్న మట్టి మేకులు ఆనించేవారు. వాటిని ఊడదీసిన చోట చుక్కలవంటి మచ్చలు మిగిలేవి. చీనా పాత్రల అడుగున ఇవి సాధారణంగా కనిపించవు. ముద్ర చీనా చక్రవర్తిదై, దాని చుట్టూ ఈ చుక్కలు ఉంటే, చుక్కల మాటనే నమ్మాలి. చిన్న గిన్నెలకు ఆ ఆధారం అవసరం లేదు గనుక, చుక్కలు లేనంత మాత్రాన అది జపానుది కాదని చెప్పరాదు.

మూడవది నీలం. పూర్వం వాడిన కోబాల్టు ఖనిజంలో ఇతర లోహాలు కలిసి ఉండేవి. అందువలన ఆ నీలం కొంత బూడిద ఛాయతో, ఎక్కువ తక్కువలతో కనిపిస్తుంది. 1870లో జర్మనీ దేశస్థుడు గాట్‌ఫ్రీడ్ వాగెనర్ ఆరిటా వచ్చి పాశ్చాత్య కోబాల్టు వాడకాన్ని నేర్పాడు. అటు తరువాతి నీలం మిరుమిట్లు గొలిపేదిగా, ఒకే రీతిగా ఉంటుంది.

నాలుగవది గీత. కుంచె గీతలో చేతి బరువు తెలుస్తుంది. గీత మొదట లావై చివర సన్నగిల్లుతుంది. మెయిజీ కాలంలో కాగితపు అచ్చుతో వేసిన బొమ్మలు వ్యాప్తిలోకి వచ్చాయి. తరువాత రాగిరేకు మీద చెక్కి, కాగితం మీదికి తీసి అద్దే పద్ధతి వచ్చినది. నమూనా రెండు అంచులు కలిసే చోట లత తెగిపోవడం, పువ్వు సగంలో ఆగిపోవడం వీటికి గుర్తు. అటువంటి గిన్నెను 17వ శతాబ్దిదని ఎవరు చెప్పినా ఒప్పుకోనక్కరలేదు.

ఈ నాలుగూ చూచిన తరువాతనే ముద్ర వైపు పోవాలి. అప్పుడు కొన్ని ముద్రలు నిజంగానే సాయపడతాయి. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలన్నది. అది 1891లో అమలుకు రాగా ‘నిప్పన్’ అన్న ఆంగ్లాక్షరాలు కనిపించసాగాయి. 1921 నుంచి దాని స్థానంలో ‘జపాన్’ అన్న పేరు వచ్చినది. ‘ఆక్రమిత జపాన్’ అన్న ముద్ర రెండవ ప్రపంచ యుద్ధానంతర కాలానిది, 1952కు పూర్వానిది. అయితే ఆ చట్టం అమెరికాకు పోయే సరకుకు సంబంధించినది. స్వదేశంలో అమ్మిన గిన్నెకు గాని, భారతదేశానికి వచ్చిన గిన్నెకు గాని అది వర్తించదు. కనుక దేశం పేరు లేకపోవడమే ప్రాచీనతకు నిదర్శనమన్న వాదం నిలబడదు.

తెలుగు పాఠకుడు ఈ భేదాలను కళ్ళారా చూడగోరితే హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం అందుబాటులో ఉన్నది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన జపాను కళాఖండాలలో పింగాణికి, సత్సుమా పాత్రలకు తగిన స్థానమున్నది. 1951లో ప్రజల దర్శనార్థం తెరచిన ఈ సంగ్రహం 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం పొందినది. అయితే ఏ ప్రదర్శనశాలలోనైనా అద్దాల బీరువా వెనుక గిన్నె నిలిచి ఉన్నప్పుడు చూపరికి దాని అడుగు కనిపించదు. మనం పైన చెప్పుకొన్న సాక్ష్యంలో సగం అక్కడనే ఉన్నది. గిన్నె కింద ఒక చిన్న అద్దం, ‘ఆరిటా, 17వ శతాబ్ది ఉత్తరార్ధం’ అన్న మాటతోపాటు అలా ఎందుకు నిర్ణయించారో తెలిపే ఒక తెలుగు వాక్యం ఉంటే, చూపరి విద్యార్థి అవుతాడు. కారణం చెప్పని తేదీ కూడా ఒక ముద్ర వంటిదే.

మరొక్క మాట. కాలనిర్ణయం విలువ నిర్ణయం కాదు. అచ్చువేసిన గిన్నె ఆలస్యంగా వచ్చినదే కావచ్చును. కాని సంపన్నుల పళ్ళెంలోని పింగాణిని సామాన్యుని భోజనానికి చేరువ చేసినది అదే. యంత్రాల నడుమ జీవితం గడిపిన భిలాయి పౌరుడు దానిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. కొత్తదానిని పాతదని చెప్పడంలో పాతదానికి ఎంత అన్యాయం ఉన్నదో, కొత్తదానికి కూడా అంతే అన్యాయం ఉన్నది.

తొలినాటి ఆరిటా పాత్రలు కొన్నింటి పాదం దగ్గర, పూతలో ముంచేటప్పుడు పట్టుకొన్న వ్రేళ్ళ గురుతులు నిలిచిపోయాయి. అడుగున ఉన్న పేరు ఎప్పుడో గతించిన పరదేశపు రాజుది. పక్కనే ఉన్న గురుతు ఆ గిన్నెను చేసిన మనిషిది. పరీక్షకుని చూపు ముందుగా పోవలసినది ఈ రెండవ దాని వైపు.