శ్లోకం కింద కొల్చారం

పిట్లంలో మా తెలుగు సార్ ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది గానీ ఆ పెట్టె మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వరు. పోయిన దసరాకి ఊరికి పోయినప్పుడు ఆయనే తెరిచి ఒక పుస్తకం నా చేతిలో పెట్టారు. అట్ట లేదు, మొదటి నాలుగైదు ఆకులూ లేవు. తెలుగు లిపిలో సంస్కృతం. పైన లావు అక్షరాల్లో శ్లోకం, కింద చీమలబారు లాంటి చిన్న అక్షరాల్లో పేజీ చివరిదాకా వ్యాఖ్యానం. వావిళ్ళ వాళ్ళ రఘువంశం అని సార్ చెప్పారు. "కింద రాసినాయన ఎవరో ఎరికేనా? మల్లినాథుడు. మనోడేరా, కొల్చారం" అన్నారు, పక్క వాడకట్టు మనిషి సంగతి చెప్పినట్టు.

కొల్చారం మెదక్ జిల్లాలో ఉంది. ఆ వైపు నుంచే మంజీర నిజాంసాగర్‌కి వస్తుంది. నిజాంసాగర్ మాకు పక్కనే. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న ఒక పండితుడు రఘువంశం, కుమారసంభవం, మేఘదూతం, కిరాతార్జునీయం, శిశుపాలవధ, నైషధం అన్నింటికీ వ్యాఖ్యలు రాశాడు. దేశంలో సంస్కృతం చదివినవాళ్ళలో ఎక్కువమంది ఆయన చెయ్యి పట్టుకునే కాళిదాసు దగ్గరికి వెళ్ళారు. ఈ మాట నాకు ముందే తెలుసు, పరీక్షకి తెలిసినట్టు. పేజీ చూశాకే అసలు ప్రశ్న పుట్టింది: నేను ఇన్నాళ్ళూ ఫోన్లో చదివిన రఘువంశంలో ఈ కింది సగం ఏమైంది?

ఆ ప్రశ్న రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పటికి నెల రోజులుగా నేను తల్మూద్ పేజీల బొమ్మలు చూస్తున్నా. హీబ్రూ ఒక్క ముక్క రాదు. పేజీ అమరిక చూడటానికే. నడుమ మూలం, బైండింగు వైపు రాషీ వ్యాఖ్య, బయటి అంచు వైపు తోసఫోత్. రాషీ 1040లో ఫ్రాన్సులోని త్రువా ఊళ్ళో పుట్టి 1105లో పోయాడు. తల్మూద్‌లో విరామచిహ్నాలుండవు, ఎక్కడ ప్రశ్న ఎక్కడ జవాబు తెలీదు. ఆయన మూలంలోంచి రెండు మూడు మాటలు ఎత్తుకుని, వాటికి అర్థం చెప్పి, జరిగిపోతాడు. హీబ్రూ మాట చాలదనిపిస్తే తన ఊరి ఫ్రెంచి మాటను హీబ్రూ అక్షరాల్లో రాసేస్తాడు. పాత ఫ్రెంచి భాష మీద పనిచేసేవాళ్ళకి అవి ఇవాళ గని. తోసఫోత్ ఆయన మనవళ్ళతో మొదలైంది. వాళ్ళు తాతతో వాదిస్తారు, "ఇక్కడ ఇలా అన్నారు, అక్కడ అలా ఉందే" అని నిలదీస్తారు.

ఈ మూడింటినీ ఒకే పేజీ మీద కూర్చోబెట్టిన అచ్చు 1483–84లో ఇటలీలోని సొన్చీనో పట్నంలో మొదలైంది. మొత్తం తల్మూద్‌ని మొదటిసారి అచ్చేసింది మాత్రం వెనిస్‌లో దానియేల్ బొంబెర్గ్, 1520, 1523ల మధ్య. ఆయన యూదు కాదు, ఆంట్వెర్ప్ నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆయన వేసిన ఆకుల లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. ఎక్కడ అచ్చయినా ఫలానా ఆకు అంటే ఫలానా ఆకే. 1553లో రోమ్‌లో, వెనిస్‌లో తల్మూద్ ప్రతుల్ని కుప్పలు పోసి తగలబెట్టారు. ఆ లెక్క మాత్రం కాలలేదు. 1923లో రోజుకో ఆకు చదివే పద్ధతి మొదలైందంటే, 2,711 ఆకులు ఏడున్నరేళ్ళలో లోకమంతా ఒకేసారి ముగించగలుగుతున్నారంటే, ఆ వెనిస్ అచ్చు చలవే.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. మక్కోత్ అనే భాగంలో ఒక చోట వ్యాఖ్య మధ్యలో ఒక చిన్న మాట వస్తుంది. గురువుగారు ఇక్కడితో కన్నుమూశారు, ఇక్కడి నుంచి రాసింది శిష్యుడు అని. ఆ శిష్యుడు ఆయన అల్లుడే. రాషీ పోయి తొమ్మిది వందల ఏళ్ళు దాటినా అచ్చు వేసిన ప్రతివాడూ ఆ మాటను తీసెయ్యకుండా అక్కడే ఉంచాడు. ఎవరి మాట ఎక్కడ ఆగిందో పాఠకుడికి తెలియాలని.

మల్లినాథుడి దగ్గరికి వద్దాం. ఆయనా మాటలు ఎత్తుకునే పనే చేస్తాడు, కానీ ముందు అన్వయం పడతాడు. కాళిదాసు ఛందస్సు కోసం చెల్లాచెదురు చేసిన మాటల్ని వరసలో పెట్టి, సమాసం విడదీసి, అమరకోశమో విశ్వకోశమో తెచ్చి అర్థం నిలబెట్టి, పాణిని సూత్రం చూపించి, అలంకారం పేరు చెప్పి ముందుకెళ్తాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మొదట్లోనే మాటిచ్చాడు. నిజం చెప్పాలంటే ఇవాళ మనం విమర్శ అనుకునేది ఆయన దగ్గర తక్కువ. ఈ శ్లోకం ఎందుకు గుండెకి తగులుతుందో ఆయన ఎక్కడో గానీ చెప్పడు. మొదట నాకది లోటు అనిపించింది. పది శ్లోకాలు సార్ పక్కన కూర్చుని చదివాక అనిపించలేదు. గుండెకి తగలడం మన పని, తగిలేంత దగ్గరికి తీసుకెళ్ళడం ఆయన పని. మన వెబ్ పత్రికల్లో అందరం తోసఫోత్ రాసేవాళ్ళమే, నాతో సహా. రాషీ పని చేసేవాళ్ళు ఎవరు?

అట్లాగని ఆయన్ని పూజలో పెట్టాల్సిన పని లేదు. మేఘదూతంలో యక్షుడు మేఘానికి దారి చెబుతూ తడి నిచుల చెట్లున్న చోటు నుంచి లేచి, దిక్కుల ఏనుగుల తొండాలు తప్పించుకుని ఉత్తరానికి పొమ్మంటాడు. మల్లినాథుడు ఇక్కడ రెండో అర్థం తీశాడు. నిచులుడు కాళిదాసుకి తోడుగా నిలిచిన కవి అనీ, దిఙ్నాగుడు ఆయన్ని తప్పుపట్టిన బౌద్ధ ఆచార్యుడనీ. ఆయనకంటే ముందు దక్షిణావర్తనాథుడు కూడా ఈ దారి పట్టాడు. కానీ పదో శతాబ్దపు కాశ్మీరీ వల్లభదేవుడి వ్యాఖ్యలో ఈ కథ లేదు. అచ్చులో ఊరూరికీ పోయింది మల్లినాథుడు కాబట్టి, దీని మీద కాళిదాసు కాలం లెక్కగట్టినవాళ్ళున్నారు. ఒక వ్యాఖ్యాత శ్లేష చరిత్ర పుస్తకాల్లో సాక్ష్యమై కూర్చుంది.

అంతకంటే పెద్ద సంగతి పాఠాలది. వల్లభదేవుడి వ్యాఖ్యతో మేఘదూతాన్ని హుల్ట్‌ష్ 1911లో లండన్‌లో వేశాడు. అందులో 111 శ్లోకాలు. మల్లినాథుడి పేరుతో వచ్చే ప్రతుల్లో అంతకంటే ఎక్కువ ఉంటాయి, కొన్ని ఎవరో తర్వాత చేర్చినవని ఆయనే చెప్పాడు కూడా. వల్లభదేవుడి రఘువంశ వ్యాఖ్య మొదటి సంపుటం గుడాల్, ఐజాక్‌సన్‌ల సంపాదకత్వంలో 2003లో వచ్చింది. ఆ పాఠం చాలాచోట్ల మన చేతిలో ఉన్నదానితో కలవదు. కొన్ని చోట్ల అది కాస్త గరుకుగా, వ్యాకరణానికి ఇబ్బందిగా ఉంటుంది. మనకి అలవాటైంది నునుపు పాఠం. ఆ నునుపంతా మల్లినాథుడొక్కడి పని కాదు, ఆయన నాటికే చాలా చేతులు పడి ఉంటాయి. కానీ అచ్చు దాన్ని గట్టిపరిచింది. బొంబాయి సంస్కృత గ్రంథమాలలో శంకర్ పాండురంగ పండిత్ 1869, 1874ల మధ్య రఘువంశం వేసినప్పుడు మల్లినాథుడి వ్యాఖ్యతో వేసి, మిగతా వ్యాఖ్యాతల పాఠభేదాలు నోట్సులో ఇచ్చాడు. తర్వాత బడిపుస్తకాలు ఆ నోట్సు తీసేశాయి.

రాషీకీ ఇదే జరిగింది. మూలంలో ఒక మాట తప్పనిపిస్తే ఆయన తన వ్యాఖ్యలో "ఇలా చదవాలి" అని రాసుకున్నాడు, మూలం మీద చెయ్యి వెయ్యలేదు. తర్వాతివాళ్ళు ఆ దిద్దుబాట్లని మూలంలోకే ఎక్కించేశారు. మనవడు రబ్బేను తామ్ దీని మీద కోప్పడ్డాడు. తాతకంటే తన సొంత అన్నే ఎక్కువ దిద్దేశాడని దెప్పాడు కూడా. ఇంట్లో తగాదా గ్రంథంలోకెక్కడం మనకీ కొత్త కాదు గానీ, ఆ తగాదా వల్లే అక్కడ మూలమేదో వ్యాఖ్యేదో అన్న జాగ్రత్త మిగిలింది. ఇప్పుడు సెఫారియా సైట్‌లో తల్మూద్ వాక్యం మీద నొక్కితే పక్కనే రాషీ తెరుచుకుంటాడు. ఆయన అచ్చు పేజీ వదిలి తెర మీదికి వచ్చాడు, కానీ మూలం పక్క నుంచి కదల్లేదు.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. మద్రాసులో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో అచ్చుకూటం పెట్టినప్పటి నుంచీ సవ్యాఖ్యానంగా వెయ్యడం తెలుగువాళ్ళకి మర్యాద. అంతకుముందే బ్రౌన్ దొర ఆ దారిలో ఉన్నాడు; జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రను 1851లో వేయించాడు. వేదం వేంకటరాయశాస్త్రి శృంగారనైషధ వ్యాఖ్యకి సర్వంకష అనీ, ఆముక్తమాల్యద వ్యాఖ్యకి సంజీవని అనీ పేర్లు పెట్టుకున్నాడు. రెండూ మల్లినాథుడి వ్యాఖ్యల పేర్లే. ఇప్పుడు నెట్‌లో దొరికే కాళిదాసులో శ్లోకం ఉంటుంది, కింద ఇంగ్లీషులోనో తెలుగులోనో తాత్పర్యం ఉంటుంది. ఆ తాత్పర్యం చాలాసార్లు మల్లినాథుడి అన్వయమే, శ్లోకం ఆయన ఒప్పుకున్న పాఠమే. పేరు మాత్రం లేదు. ఆయన్ని తీసేసి ఉంటే నాకు ఇంత బాధ లేకపోను. వల్లభదేవుడితో చదువుకుంటాం, ఎవరూ లేకుండా చదివి దెబ్బలు తింటాం, అదీ ఒక చదువే. తీసెయ్యలేదు, ఆయన చూపులోంచే చూస్తూ, ఇది స్వచ్ఛమైన కాళిదాసు అని నమ్ముతున్నాం. మొన్న ఒక మిత్రుడు "నాకు వ్యాఖ్యానాలొద్దు, నేరుగా కవితో మాట్లాడతా" అన్నాడు. అతను చదువుతున్న పీడీఎఫ్ ఏ ప్రతి నుంచి తీశారో అడిగా. తెలీదన్నాడు.

సార్ పుస్తకంలో రెండో సర్గలో, దిలీపుడు ఆవు వెంట అడవికి పోయే చోట, వ్యాఖ్యలోని ఒక మాట కింద ఎవరో పెన్సిల్‌తో గీత గీసి, అంచున ప్రశ్నార్థకం పెట్టారు. మీదేనా అని అడిగితే, "నాది కాదు, నాకు చదువు చెప్పినాయనది" అన్నారు. ఆ సందేహం తీరిందా అంటే నవ్వారు.

పుస్తకం ఇవ్వరని తెలుసు కాబట్టి ఫోటోలు తీసుకుంటానన్నా. అలవాటు కొద్దీ శ్లోకం వరకే ఫ్రేములో పెట్టి రెండు తీశా. తర్వాత పుస్తకాన్ని కిటికీ దగ్గరికి జరిపి, అంచున ప్రశ్నార్థకం కూడా పడేలా, మళ్ళీ మొదటి పేజీ నుంచి తీయడం మొదలుపెట్టా. చీకటి పడేసరికి మూడో సర్గ సగంలో ఉన్నా.