భయాన్ని కొలిచి గీసిన చెయ్యి

పన్నెండేళ్ల పిల్లలకు దెయ్యం కథ చెప్పడం తేలిక కాదు. భయం చాలకపోతే పుస్తకం పక్కన పడేస్తారు. మోతాదు మించితే రాత్రి నిద్రపోరు. ఆ కొలత తెలిసిన బొమ్మల కథకురాలు వెరా బ్రాస్గాల్. మాస్కోలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన ఆమె ‘కోరలైన్’ సినిమాకు స్టోరీబోర్డులు గీశారు.

2011లో వచ్చిన ఆమె గ్రాఫిక్ నవల ‘అన్యాస్ ఘోస్ట్’లో అన్య అనే బడిపిల్ల పాడుబడ్డ బావిలో పడుతుంది. అక్కడ ఒక అస్థిపంజరం, దాన్ని అంటిపెట్టుకున్న ఎమిలీ అనే దెయ్యం. ఎమిలీ నేస్తంలా దగ్గరై పరీక్షల్లో జవాబులు కూడా అందిస్తుంది. ఆమె చావు వెనక నిజాన్ని అన్య తవ్వేకొద్దీ ఆ స్నేహమే గుబులు పుట్టిస్తుంది.

పుస్తకమంతా ఊదా కలిసిన నీలి ఛాయలే. సంభాషణ లేని గడుల్లో కళ్లూ కనుబొమలే కథ నడుపుతాయి. తన రష్యన్ మూలాలను దాచుకునే అన్య సిగ్గు కూడా ఆ గీతల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో బొమ్మల కథలకిచ్చే ఐస్నర్ పురస్కారం అందుకున్న ఈ నవల పిల్లల తెలివినీ ధైర్యాన్నీ పూర్తిగా నమ్మింది. అందుకే బ్రాస్గాల్ పనితనం మీద నాకంత గౌరవం.